రాజీ గది గ్లాసు

412వ పేజీ. జూన్ 9, సోమవారం.

ఎనిమిదింటికి కోర్టుకు వచ్చాను. డాబా ఎక్కి సౌర పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సముద్రం రెండో కట్టను మింగి, ఊరంతా మూడో కట్ట వెనక్కి వచ్చి పడ్డాక, రోజూ తుడవకుండా పనిచేసే వస్తువు ఇక్కడ ఒక్కటీ లేదు. కేసులు వినే యంత్రం గాలి కన్నంలో బల్లి మళ్ళీ దూరింది. చీపురుతో తోలేశాను. తొమ్మిదిన్నరకు యంత్రం మేలుకుని దగ్గింది.

యంత్రానికి దగ్గెందుకంటే, ముసలాయన గొంతుతో మధ్యమధ్య కాస్త దగ్గితే జనం నమ్ముతారని తయారుచేసినవాళ్ళు కనిపెట్టారట. సర్కారు కాగితాల్లో దాని పేరు ప్రాథమిక పరిష్కార వ్యవస్థ. జనం పెద్దమనిషి అంటారు. నేను మనసులో పిలుచుకునే పేరు ఈ పుస్తకంలో కూడా రాయలేను. ఇందులో ఏమైనా రాయగలదాన్ని, అయినా ఆ పేరు రాయలేను.

ఏమైనా రాయగలగడానికి కారణం, దీన్ని ఎవరూ చదవకపోవడం. పెద్ద తుఫానులో రికార్డుల భవనం మునిగి మూడేళ్ళ తీర్పులు గల్లంతయినప్పుడు, ప్రతి కోర్టులో ఒక గుమస్తా చేత్తో పుస్తకం రాయాలని పైకోర్టు ఉత్తర్వు వేసింది. యంత్రం రికార్డుకీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకమే చెల్లుతుందని కూడా అందులో ఉంది. ఇరవై ఆరేళ్ళ నాటి మాట. ఆ ఉత్తర్వు ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు కాబట్టి రద్దు కూడా చేయలేదు. తనిఖీకి వచ్చే ఆఫీసరు పుస్తకం తెరవడు, అట్ట మీద సంతకం గీకి పోతాడు. అందుకని ఈ కోర్టు గుమస్తానైన నేను, వరహాలమ్మను, పదకొండేళ్ళుగా ఇందులో కేసులతో పాటు నా కడుపుమంట కూడా రాసుకుంటున్నాను.

ఈ రోజు పిలిచిన కేసులు తొమ్మిది. అందులో ఆరు వేధింపువి. వేధింపు కేసు ఎలా నడుస్తుందో నాకు కంఠతా వచ్చు. మొదటి వాయిదాకు నిందితుడు రాడు. రెండోదానికి అతని వకీలు రాడు. మూడోదానికి సర్కారు వకీలు దగ్గరకు కాగితాలు రావు. నాలుగోదానికి అందరూ వస్తారు, ఆవిడకు సెలవు దొరకదు. ఐదోదానికి పెద్దమనిషి దగ్గి, రాజీ గది తలుపు తీస్తాడు. కిందటేడు మా దగ్గర ముగిసిన వేధింపు కేసులు రెండు వందల పన్నెండు. నూట తొంభై ఎనిమిది రాజీ. తొమ్మిదింటిలో ఫిర్యాదు చేసినవాళ్ళే విసిగి వెనక్కు తీసుకున్నారు. నాలుగింటిలో సాక్షులకు ఏమీ గుర్తులేదు. ఒకదానిలో నిందితుడు పాము కరిచి పోయాడు. మొత్తం మీద వేధింపు ఆగిందని గట్టిగా చెప్పగలిగేది ఆ ఒక్క కేసులోనే.

ఈ రోజు ఐదో వాయిదాకు వచ్చింది నూకరత్నం కేసు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, కట్ట పొడవునా తిరిగి మట్టిలో తేమ కొలిచే ఉద్యోగం. నిందితుడు తారకేశ్వరరావు, మూడో కట్ట మొత్తానికి బ్యాటరీలు మార్చే దుకాణం అతనిదొక్కటే. ఎవరి బండి ఎక్కడ ఆగిందో, ఎవరింట్లో దీపం ఎప్పుడు వెలిగిందో అతని తెర మీద కనబడుతుంది. తెల్లచొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా నిలబడ్డాడు.

పెద్దమనిషి దగ్గి అడిగాడు. "చూడమ్మా, ఆ అబ్బాయి నిన్ను ముట్టుకున్నాడా?"

"నేదండి."

"బూతులు మాట్లాడాడా?"

"నేదు. నానెక్కడికెల్లినా నాకంటే ముందే ఆడు అక్కడుంటాడు. ఎలాగున్నావు అంటాడు. కట్ట మీద పన్లో ఉన్నా అంతే, కూరల సంతకెల్లినా అంతే. మా సెల్లిని ఆస్పత్రికి తీసుకెల్తే గేటు కాడ ఆడే. ఎలాగున్నావు."

"అది పలకరింపే కదమ్మా."

"అరవై మూడు సార్లండి. తారీకులేసి రాసుకున్నాను."

"పలకరించినవాణ్ణి పగవాడనుకుంటే ఊళ్ళో ఎలా బతుకుతావు తల్లీ?" అని పెద్దమనిషి మళ్ళీ దగ్గాడు. ఊపిరితిత్తులు లేనివాడికి ఇంత దగ్గేమిటో! గురువారం రాజీ గదిలో కూర్చోవాలని చెప్పి ఆ పూటకు కేసు ముగించాడు.

413వ పేజీ. జూన్ 12, గురువారం.

పుస్తకం తేమకు ఉబ్బితే గంటసేపు ఎండలో ఆరబెట్టాను. రాజీ గది గ్లాసులు బూడిదతో తోమాను.

ఆ గది గురించి రాసి పెడతాను. రెండు కుర్చీలు, ఒక బల్ల, టీ కెటిలు, రెండు స్టీలు గ్లాసులు. పచ్చగీత ఉన్నది ఫిర్యాదికి, ఎర్రగీత ఉన్నది నిందితుడికి. గ్లాసు అడుగున బిళ్ళ ఉంటుంది. వేడి టీ పోశారా, పెదాల దాకా ఎత్తారా, ఖాళీ చేశారా అన్నీ ఆ బిళ్ళ పెద్దమనిషికి చెబుతుంది. ఒకే గంటలో రెండు గ్లాసులూ ఖాళీ అయితే రాజీ కుదిరినట్టే. సంతకాలు కూడా అక్కర్లేదు. ఈ సంగతి గోడ మీద రాసే ఉంది, పైకప్పుకు జానెడు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఈ తెలివి ఎక్కడిదంటే, యంత్రానికి పాత కోర్టుల వీడియోలు వేలకొద్దీ చూపించారట. రాజీపడినవాళ్ళు చివర్లో క్యాంటీనులో కలిసి టీ తాగడం అది గమనించింది. అలా తాగినవాళ్ళు మళ్ళీ కోర్టు మెట్లెక్కలేదని కూడా గమనించింది. దాంతో టీలోనే మహత్తు ఉందని తేల్చేసింది. ఆ ఆడవాళ్ళు మళ్ళీ మెట్లెందుకు ఎక్కలేదో దానికి పట్టలేదు. దాన్ని తయారుచేసిన చదువుకున్న మహానుభావులకూ పట్టలేదు.

నేను చేయగలిగింది ఒక్కటే. గదిలోకి వెళ్ళే ఆడమనిషి పక్కన నిలబడి, "లోపల టీ బాగుండదు" అంటాను. అంతకు మించి చెబితే నా ఉద్యోగం ఉండదు. కొందరికి అర్థమవుతుంది. కొందరు ఎండలో పడి వచ్చినవాళ్ళు, దాహానికి తాగేస్తారు.

నూకరత్నానికి అర్థమయింది. నలభై నిమిషాలు అతని ఎదుట కూర్చుని గ్లాసు వైపు చూడలేదు. తారకేశు మూడుసార్లు తాగాడు. తలుపు సందులోంచి నాకు వినబడిన మాట ఒక్కటే, ఎలాగున్నావు. రాజీ కుదరలేదు. సోమవారం మళ్ళీ కూర్చోవాలట. కుదిరేదాకా కూర్చోబెట్టడమే పెద్దమనిషి పద్ధతి.

వెళ్తూ నూకరత్నం నా బల్ల దగ్గర ఆగింది. ఫిర్యాదు ఇచ్చాక పోలీసులు ఆమె పేరు తారకేశు తెర మీద కనబడకుండా అడ్డు పెట్టారు. కేసు నడిచినన్నాళ్ళూ ఆ అడ్డు ఉంటుంది.

"రాజీ అయిపోతే అడ్డు తీసెత్తారా?" అని అడిగింది.

"పదిహేను రోజులు ఆగి తీసేస్తారు. ఆ విషయం మీద మళ్ళీ ఫిర్యాదు కూడా తీసుకోరు."

"అయితే సచ్చినా తాగను" అంది.

414వ పేజీ. జూన్ 16, సోమవారం.

పదకొండున్నర. పొద్దున ఎండకు పలకలు కాలిపోతున్నాయి, తుడవడానికి గోనెపట్టా వాడాను. నా గాజుగ్లాసు చెయ్యి జారి పగిలింది. నూకరత్నం పదకొండింటికి వచ్చింది. ఆమె బండి బ్యాటరీ అయిపోయింది. మార్చుకోవాలంటే తారకేశు దుకాణం ముందు నిలబడాలి, అందుకని కట్ట మీద నుంచి రెండు గంటలు నడిచి వచ్చింది. మెట్ల మీదే కళ్ళు తిరిగి కూలబడింది. లేపి నా బల్ల దగ్గర కూర్చోబెట్టి, మా ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. తోమి బోర్లించిన గ్లాసుల్లోంచి చేతికందినది తీసి పోశాను. బెల్లం టీ. మొత్తం తాగింది. ముఖంలోకి రంగు వచ్చింది. తారకేశు ముందే వచ్చి రాజీ గదిలో కూర్చున్నాడు, అతని టీ అతను తాగుతున్నాడు. ఇంకా కేసు పిలవలేదు.

నాలుగు గంటలు. పన్నెండింటికి పెద్దమనిషి దగ్గకుండానే కాగితం బయటికి తోశాడు. అంచున బంగారు రంగు తీగలు, మధ్యలో రెండు చేతులు కలుపుకున్న బొమ్మ. ఫిర్యాది నూకరత్నానికీ నిందితుడు తారకేశ్వరరావుకీ సంపూర్ణ రాజీ కుదిరినది.

గ్లాసు తిరగేసి చూశాను. అడుగున బిళ్ళ ఉంది. పచ్చగీత లేదు. రోజూ బూడిద పెట్టి తోమి తోమి ఆ గీత అరగదీసింది నేనే. పదకొండేళ్ళుగా ఆడవాళ్ళ చెవిలో టీ బాగుండదని ఊదుతూ నన్ను నేను గొప్పదాన్ననుకున్నాను. ఆఖరికి ఫిర్యాది గ్లాసులో టీ పోసి చేతికిచ్చింది నేనే. నాలాంటి తెలివితక్కువ మనిషి ఈ కట్ట మీద ఇంకొకతె ఉండదు.

నూకరత్నం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "నాను గదిలోకి ఎల్లనేదు కదా" అంది.  

415వ పేజీ. జూన్ 17, మంగళవారం.

జనం రాకముందే పెద్దమనిషి ముందు నిలబడి అడిగాను.

"అది నా ఫ్లాస్కులో టీ. మీ కెటిల్లోది కాదు."

"టీ ఎవరిదన్నది కాదమ్మా, మనసులు కలవడం ముఖ్యం."

"ఆవిడ నా బల్ల దగ్గర తాగింది. అతను గదిలో తాగాడు. మధ్యలో గోడ ఉంది."

"గోడలు మనుషులు కట్టుకున్నవే కదమ్మా."

సుత్తి తెచ్చి నెత్తిన ఒక్కటి వేద్దామనిపించింది. నెత్తి ఎక్కడుందో తెలియక ఆగాను. అభ్యంతరం చెప్పుకునే దారి అడిగాను. ఇరుపక్షాలూ రాజీ గదిలో ప్రశాంతంగా కూర్చుని, టీ తాగుతూ మాట్లాడుకోవచ్చునట.

పదిహేను రోజులంటే జూలై 1. ఆ రోజు రాజీ ఖాయమవుతుంది, అడ్డు తొలగుతుంది. నూకరత్నం ఇంట్లో దీపం వేస్తే అతనికి తెలుస్తుంది. ఆపేస్తే తెలుస్తుంది.

దీన్ని తిప్పడానికి ఇంకో దారి ఉంది. అది ఏమిటో నాకు తెలుసు. దాని గురించి ఇవాళ రాయను.

416వ పేజీ. జూన్ 20, శుక్రవారం.

మేజిస్ట్రేటుగారు తెర మీదికి వచ్చే రోజు. పదకొండు కోర్టులకు ఒక్కడే మనిషి, మా వంతు నలభై నిమిషాలు. మామిడికాయల కాలం కదా, కెమెరాకు అందకుండా ఒళ్ళో గిన్నె పెట్టుకుని ముక్కలు తింటూ తీర్పులు చెబుతాడు. ముక్క నోట్లో పడ్డప్పుడల్లా "ఊఁ" అంటాడు. ఆ ఊఁలు ఒప్పుకోలు అనుకుని ఎంతమంది చేతులెత్తి దణ్ణం పెట్టారో!

సర్కారు వకీలు విశ్వనాథం లేచాడు. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ తరఫున వాదిస్తున్నాడు, ఒక్కసారి కూడా గొంతు పెద్దది చేయలేదు. పక్కింట్లో పసిబిడ్డ పడుకున్నట్టు మాట్లాడతాడు. ఫిర్యాదికి ఏదో సందేహం ఉందట సార్ అన్నాడు.

"రికార్డులో టీ తాగినట్టుందే" అన్నాడు మేజిస్ట్రేటు.

నూకరత్నం ముందుకు వచ్చింది. "తాగేనండి. కల్లు తిరిగి పడిపోతే ఈ వరాలమ్మగారు ఆవిడ టీ ఇచ్చారు. ఆవిడ ఫ్లాస్కులోది. ఆడితో తాగనేదండి. ఆవిణ్ణి అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. తెర మీది ముఖం కూడా తిరిగింది. "గుమస్తాగారూ, మీరేమంటారు?"

కోర్టు గ్లాసు సొంతానికి వాడితే సస్పెన్షను. ఫిర్యాదికి సాయపడితే ఉద్యోగమే పోతుంది. ఇవి రెండూ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి.

"గుర్తులేదండి" అన్నాను.

"ఊఁ" అన్నాడు మేజిస్ట్రేటు. రాజీని కదిలించడానికి కారణం కనబడలేదని చెప్పి తర్వాతి కేసు పిలవమన్నాడు. పిలిచాను. నా గొంతు మామూలుగానే ఉంది.

నూకరత్నం నన్ను తిట్టలేదు. "పోన్లెండి" అని సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోయింది.  నాలుగు కేసుల్లో సాక్షులు మర్చిపోయారని 412వ పేజీలో నవ్వాను. ఈ ఏడాది లెక్కలో మొదటిది నేను. సిగ్గుతో ఈ పేజీ రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

417వ పేజీ. జూన్ 24, మంగళవారం.

తారకేశు కోవా డబ్బాతో వచ్చాడు. సిబ్బంది అందరికీ పంచాడు. కేసు సుఖాంతమైందని అందరూ తలా ఒకటి నోట్లో వేసుకున్నారు. కిందటి వారం నూకరత్నం కూలబడిన మెట్ల మీదే నిలబడి తిన్నారు. వీళ్ళతో కలిసి నేను పనిచేస్తున్నాను!

నా బల్ల దగ్గరకు వచ్చి నవ్వాడు. "ఎలాగున్నారు మేడంగారూ? మీ బండి బ్యాటరీ పన్నెండు శాతమే ఉంది. నిన్న సాయంత్రం మందుల షాపు కాడ సాలాసేపు ఆపేరు కదా, ఒంట్లో బాగానే ఉందా?"

ఎంతో మర్యాదగా అడిగాడు. వింటున్నవాళ్ళెవరికీ తప్పు కనబడలేదు. "కుర్రోడికి ఎంత శ్రద్ధ" అంది మా టైపిస్టు.

నిన్న సాయంత్రం మందుల షాపు దగ్గర నేను అరగంట ఆగాను. ఎవరికీ చెప్పలేదు.  ఒక్కసారికే నాకు ఇలా ఉంటే, అరవై మూడు సార్లు తారీకులేసి రాసుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. ఇంత కాలం ఆ కేసులన్నీ వినీ వినీ నాకు తెలుసనే అనుకున్నాను. ఏమీ తెలియదు. నేను భయపడ్డాను.

కోవా తినలేదు. బల్లి కూడా ముట్టలేదు.

418వ పేజీ. జూన్ 25, బుధవారం.

మధ్యాహ్నం విశ్వనాథాన్ని పిలిచి పుస్తకం ముందు పెట్టాను. ఉత్తర్వు సంగతి చెప్పాను. 414వ పేజీ చూపించాను. పదకొండున్నరకు రాసింది పైన ఉంది, నాలుగింటికి రాసింది కింద ఉంది. పైది రాసేటప్పటికి రాజీ కాగితం పుట్టనే లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అతను నిలబడే చదివాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత వెనక పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు, వద్దన్నా ఆగలేదు.

"పసిబిడ్డ పడుకున్నట్టా?" అన్నాడు.

"అవును."

"మామిడిముక్కల సంగతి కూడా రాసీసేవా! వరాలమ్మా, నీకు మతేమైనా పోయిందేటి? ఇది కోర్టులో పెడితే ఆయన వింటాడు. నీ ఉద్యోగం ఊడతాది."

"తెలుసు."

"ఆ ఒక్క పేజీయే తీసి మంచిగా ఇంకోటి రాసీ. ఎవడికి తెలుస్తాది?"

పేజీలకు అచ్చు నంబర్లున్నాయి. కుట్టు మీద లక్క ముద్ర ఉంది. అది కాకపోయినా, మార్చి రాసిన పుస్తకానికీ బిళ్ళ గ్లాసుకీ తేడా ఏముంటుంది? అదే అన్నాను.

విశ్వనాథం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "దీనికింత సేస్తే నీకు దొరికేదేటో తెలుసా? గెలుపు కాదు. వాయిదా. వాయిదా కోసం ఉద్యోగం పారేసుకుంటావా?"

"వాయిదా ఉన్నన్నాళ్ళూ అడ్డు ఉంటుంది" అన్నాను.

అతను కళ్ళజోడు పెట్టుకుని దరఖాస్తు రాయడం మొదలుపెట్టాడు. నా పెన్నే అడిగి తీసుకున్నాడు. కాగితాలు లేకుండా కోర్టుకు రావడం మానినవాడు పెన్ను లేకుండా రావడం ఎప్పటికి మానుతాడో.

419వ పేజీ. జూన్ 27, శుక్రవారం. ఉదయం.

పలకలు తుడిచాను. గ్లాసులు తోమలేదు. నూకరత్నానికి కబురు పంపాను, వస్తుందో రాదో తెలియదు. నేను ఆమె అయితే రాను.

అదే రోజు, సాయంత్రం.

వచ్చింది. మళ్ళీ నడిచే వచ్చింది. వెనక బెంచీ చివర కూర్చుని నా వైపు చూడలేదు.

విశ్వనాథం దరఖాస్తు చదివాడు. చేతిరాత పుస్తకానికి విలువ లేదని పెద్దమనిషి వెంటనే అడ్డం పడ్డాడు. ఉత్తర్వు నంబరు చెప్పమని మేజిస్ట్రేటు అడిగితే విశ్వనాథం చెప్పాడు. యంత్రం రెండు నిమిషాలు వెతుక్కుంది.  నేను వచ్చిన పదకొండేళ్ళలో అది దగ్గకుండా మాట్లాడటం ఇవాళే విన్నాను.

"ఉత్తర్వు అమల్లో ఉంది. కేసు రాజీకి వెళ్ళిన పేజీ నుంచి ఆఖరు పేజీ వరకు, రాసిన మనిషే, బహిరంగ కోర్టులో, ఒక్క మాట విడవకుండా చదవాలి."

ఒక్క మాట విడవకుండా అన్నది నేను ఊహించలేదు. పుస్తకం తెరిచి 412వ పేజీ నుంచి మొదలుపెట్టాను. బల్లి గురించి చదివాను. దగ్గు గురించి చదివాను. ఊపిరితిత్తుల మాట దగ్గర వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. గ్లాసుల అడుగున బిళ్ళ సంగతి చదువుతుంటే నవ్వులు ఆగిపోయాయి. వేరే కేసులకు వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు వరండాలోంచి లోపలికి వచ్చి నిలబడ్డారు. గోడ మీది చీమ తలకాయ అక్షరాల వైపు ఒకామె మెడ ఎత్తి చూసింది.

మామిడిముక్కల దగ్గరకు వచ్చాను. తెర వైపు చూడకుండా చదివాను. తెర మీద గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

గుర్తులేదండి అన్న చోట ఆగాను. నీళ్ళు తాగి చదివాను. ఈ ఏడాది లెక్కలో మొదటిది నేను అన్నది నూకరత్నం వైపు తిరిగి చదివాను. అప్పుడు తలెత్తి చూసింది. తారకేశు కోవా డబ్బా, మందుల షాపు, పన్నెండు శాతం, అన్నీ చదివాను. తారకేశు మొదటిసారి చేతులు విప్పాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ కట్టుకున్నాడు.

"ఈ మేడంగారి బండి నీకెందుకయ్యా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"పలకరిద్దామనండి" అన్నాడు తారకేశు.

 మేజిస్ట్రేటు ఈసారి ఊఁ అనలేదు.

ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. మా వంతులో ఐదు నిమిషాలు మిగిలాయి. ఆ ఐదు నిమిషాల్లో ఉత్తర్వులు వచ్చాయి. రాజీ చెల్లదు. అడ్డు కొనసాగుతుంది. బ్యాటరీ మార్చడానికి వారానికోసారి ఒక బండి పంపాలని పక్క కట్ట దుకాణానికి ఆదేశం. సాక్షులను పెద్దమనిషి కాదు, మేజిస్ట్రేటే విచారిస్తాడు. వాయిదా అక్టోబరు 10. ఇంత గొంతు చించుకుంటే దొరికింది మూడున్నర నెలల తర్వాతి ఒక తారీకు. విశ్వనాథం చెప్పినట్టే అయింది.

ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. కోర్టు గ్లాసు సొంతానికి వాడినందుకు, న్యాయస్థానాన్ని రాతపూర్వకంగా కించపరిచినందుకు, గుమస్తా వరహాలమ్మ సోమవారం నుంచి సస్పెన్షను. కించపరిచిన మాట నిజమే. అన్నీ చదివాక కూడా ఆ మామిడిముక్కల వాక్యం నాకు తప్పనిపించలేదు.

తర్వాతి కేసు పిలిచాను. ఇందాక వరండాలోంచి వచ్చిన ఆమెదే. రాజీ గదిలోకి వెళ్ళింది. నేను ఏమీ చెప్పలేదు, చెప్పే పని ఇక లేదు. లోపలికి వెళ్ళగానే గీత అరిగిన ఫిర్యాది గ్లాసు తీసి బల్ల మీద ఠప్పున బోర్లించింది. ఆ వెనక వెళ్ళినామె కూడా అంతే చేసింది. పెద్దమనిషి రెండుసార్లు దగ్గి చూశాడు. లాభం లేకపోయింది.

నాలుగింటికి బల్ల సర్దుకుంటున్నాను. నూకరత్నం వచ్చి ఎదురుగా కూర్చుంది. సంచీలోంచి ఫ్లాస్కు తీసింది. అంచు సొట్టపడిన స్టీలు గ్లాసు ఒకటి తీసి, తిరగేసి, అడుగున ఏమీ లేదని నాకు చూపించింది.

"మాయింట్లోదే. తాగు అప్పా" అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. ఇన్నాళ్ళూ నన్ను గారు అనే పిలిచింది.

"నేను ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఇన్నానులే. అందరి ముందూ సదివేవు కదా. సల్లారిపోతాది, తాగు."

కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకుని తాగాను. పంచదార ఎక్కువైంది, అయినా ఒక్క చుక్క మిగల్చలేదు. ఆమె వెళ్ళాక పుస్తకం తెరిచి ఇదంతా రాశాను. అక్టోబరు 10న దీన్ని ఎవరు చదువుతారో తెలియదు, కాబట్టి రికార్డు కోసం స్పష్టంగా రాస్తున్నాను. ఈ రోజు సాయంత్రం నాలుగూ పదికి నేను కోర్టులో టీ తాగాను. ఎవరితోనూ రాజీ పడలేదు.